స్విచ్ చిప్ కౌంటర్ చదివితే అప్పుడప్పుడు 4866 వస్తోంది, అదీ పోర్ట్ 0, 2, 4, 6లో మాత్రమే. ఎవరికైనా తగిలిందా?

కొత్త_ఫర్మ్‌వేర్:

అందరికీ నమస్తే. మూడు వారాలుగా ఒకే బగ్‌తో కుస్తీ పడుతున్నా. ఆఫీసులో ఇంకా ఎంతమందిని అడుగుతాం, అందుకే ఇక్కడ పెడుతున్నా.

మాది సీసీటీవీ రికార్డర్ బోర్డు. కెమెరాల కేబుళ్లన్నీ క్యూసీఏ8337 స్విచ్ చిప్‌లోకి వస్తాయి, ఆ చిప్‌ని ప్రాసెసర్ ఎండీఐఓ బస్ (నెట్‌వర్క్ చిప్‌లని కంట్రోల్ చేసే రెండు తీగల లైన్) మీద కంట్రోల్ చేస్తుంది. కెర్నల్ 4.4. లైనక్స్‌లో ఈ చిప్ కోసం ఉన్న క్యూసీఏ8కే డ్రైవర్ 4.9లో గానీ రాలేదు, కెర్నల్ మార్చడానికి మా మేనేజర్ ఒప్పుకోడు. సరే అని డేటాషీట్ ముందు పెట్టుకుని నేనే చిన్న డ్రైవర్ రాశా.

ఈ చిప్ రిజిస్టర్లు (సెట్టింగులు, లెక్కలు ఉండే గడులు) 32 బిట్లవి. ఎండీఐఓలో ఒక దఫాకి 16 బిట్లే వస్తాయి. అందుకని ఒక రిజిస్టర్ చదవాలంటే మూడు పనులు: ముందు ఎండీఐఓ అడ్రస్ హెక్స్ (16 ఆధారపు లెక్క) 18లో రిజిస్టర్ 0కి పేజీ నంబర్ రాయాలి, తర్వాత కింది సగం చదవాలి, ఆ తర్వాత పై సగం. ఈ మూడూ కలిపి నా స్విచ్ రీడ్ ఫంక్షన్. స్విచ్ రైట్ కూడా అంతే, చదివే చోట రాస్తుంది.

దీన్ని వాడేవాళ్లు ఇద్దరు. ఒక వర్కర్ 10 సెకన్లకోసారి లేచి ఏడు పోర్టుల బ్రాడ్‌కాస్ట్ కౌంటర్లు చదువుతుంది, స్టార్మ్ (బ్రాడ్‌కాస్ట్ ప్యాకెట్ల వరద) వస్తే అలారం కొట్టడానికి. రెండోది నా వాచ్‌డాగ్ థ్రెడ్, 5 సెకన్లకోసారి రిజిస్టర్ 0 చదివి చిప్ ఐడీ సరిగ్గా ఉందా లేదా చూస్తుంది. లేకపోతే చిప్ చచ్చిందని జీపీఐఓ (రీసెట్ పిన్) లాగి రీసెట్ చేస్తుంది.

సమస్య ఏంటంటే, రోజుకి ఒకటి రెండు సార్లు ఏదో ఒక పోర్ట్ కౌంటర్ లక్షల్లో ఉన్నది ఉన్నట్టుండి 4866 అవుతుంది, తర్వాతి దఫాకి మళ్లీ మామూలే. 0, 2, 4, 6 పోర్టుల్లోనే ఇలా. 1, 3, 5లో కూడా తేడా విలువ వస్తుంది గానీ అది 4866 కాదు, వేరే నంబర్, అది కూడా ఎప్పుడూ అదే. సరి బేసి చూసి పాడయ్యే బగ్ నేను జీవితంలో చూడలేదు.

ఇంకో విడి సమస్య కూడా ఉంది, దానికి వేరే పోస్ట్ పెడతాలే. రెండు రోజులకోసారి కెమెరాలన్నీ ఒకేసారి మూడు నాలుగు సెకన్లు ఆగిపోయి మళ్లీ వస్తున్నాయి. కస్టమర్ దగ్గర బోర్డు పెట్టాక ఇది మొదలైంది. వచ్చే సోమవారం రివ్యూ, టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

---

స్కోప్‌ప్రోబ్:

సాఫ్ట్‌వేర్ జోలికి పోకముందు లైన్ చూడు బ్రో. ఎండీఐఓ డేటా లైన్‌కి పుల్ అప్ రెసిస్టర్ (ఎవరూ నడపనప్పుడు లైన్‌ని ఒకటి మీద ఉంచేది) ఉందా? క్లాక్ ఎంత మీద నడుపుతున్నావు? స్టాండర్డ్ ప్రకారం 2.5 మెగాహెర్ట్జ్ దాటకూడదు, చాలా చిప్‌లు అంతకన్నా ఎక్కువ తట్టుకుంటాయి గానీ బోర్డులో ట్రేస్ పొడుగ్గా ఉంటే అంచులు పాడవుతాయి. స్కోప్ పెట్టి ఫొటో పెట్టు. నా అనుభవంలో ఇలాంటివి పదింటిలో ఆరు హార్డ్‌వేరే.

---

సెమికోలన్:

స్కోప్ పక్కన పెట్టండి సార్ ఒక్క నిమిషం. లైన్ పాడైతే చెత్త వస్తుంది, ప్రతిసారీ ఒకే చెత్త రాదు. ఎదురుగా చిప్ అసలు స్పందించకపోతే పుల్ అప్ వల్ల అన్నీ ఒకట్లు వస్తాయి, అంటే ఒక్కో సగానికి 65535. ఇతనికి వస్తున్నది 4866.

4866ని హెక్స్‌లోకి మార్చి చూశావా తమ్ముడూ? 1302. ఆ 13 ఎక్కడైనా చూసినట్టు అనిపించట్లేదా? నీ చిప్ ఐడీ! క్యూసీఏ8337కి రిజిస్టర్ 0లో 15 నుంచి 8 వరకు బిట్లలో హెక్స్ 13 ఉంటుంది, కింది 8 బిట్లు రివిజన్, నీది రివిజన్ 2 అన్నమాట. నువ్వు బ్రాడ్‌కాస్ట్ కౌంటర్ అడిగితే చిప్ తన పేరు చెప్తోంది.

---

కొత్త_ఫర్మ్‌వేర్:

అమ్మ బాబోయ్. మూడు వారాల నుంచి ఆ నంబర్‌ని డెసిమల్‌లోనే చూస్తున్నా, ఒక్కసారి కూడా హెక్స్‌లోకి మార్చాలని తట్టలేదు.

కానీ రిజిస్టర్ 0 చదివేది వాచ్‌డాగ్ కదా, ఆ విలువ కౌంటర్ వర్కర్ చేతికి ఎలా వస్తుంది? రెండిట్లోనూ లోకల్ వేరియబుల్సే, గ్లోబల్ ఏమీ లేదు. రెండూ ఢీకొంటున్నాయని అంటారేమో, నేను వాడేది కెర్నల్ ఇచ్చిన ఎండీఐఓబస్ రీడ్, ఎండీఐఓబస్ రైట్. వాటి లోపల మ్యూటెక్స్ (ఒకసారికి ఒక్కరినే రానిచ్చే తాళం) ఉంది, నేనే సోర్స్ తెరిచి చూశా.

---

పాత_కెర్నల్_బాబాయ్:

ఉంది నాయనా, మ్యూటెక్స్ ఉంది. అది కాపాడేది ఒక్క ట్రాన్సాక్షన్‌ని. నీ పని మూడు ట్రాన్సాక్షన్లు, అంటే బస్ మీద మూడు విడి రీడ్ రైట్లు. మధ్యలో రెండు సార్లు తలుపు బార్లా తెరిచి పెడుతున్నావు.

కిరాణా కొట్టులో ఖాతా పుస్తకం అనుకో. ఒకటే పుస్తకం, ఇద్దరు గుమాస్తాలు. నువ్వు 8వ పేజీ తీసి పుస్తకం బల్ల మీద పెట్టి కళ్లద్దాలు తుడుచుకుంటున్నావు. ఈలోగా రెండోవాడు వచ్చి మొదటి పేజీకి తిప్పాడు. నువ్వు అద్దాలు పెట్టుకుని మొదటి వరుస చదివావు. వరుస కరెక్టే, పేజీ నీది కాదు. పుస్తకాన్ని ఒకసారికి ఒక్కరే ముట్టుకోవాలని రూల్ పెట్టినా లాభం లేదు, ఎందుకంటే ఇద్దరూ ఆ రూల్ పాటించారు.

నీ సరి బేసి సంగతి కూడా ఇందులోనే ఉంది, నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. ఈ చిప్ రిజిస్టర్ అడ్రస్‌లో కింది 9 బిట్లు పేజీ లోపల ఎక్కడో చెప్తాయి, వాటి పైవి పేజీ నంబర్. అంటే పేజీకి 512 బైట్లు. పోర్ట్ కౌంటర్లు హెక్స్ 1000 దగ్గర మొదలై ఒక్కో పోర్టుకి 256 బైట్ల చొప్పున ఉంటాయి. అంటే పేజీకి రెండు పోర్టులు. పోర్ట్ 0 హెక్స్ 1000, పోర్ట్ 2 హెక్స్ 1200, పోర్ట్ 4 హెక్స్ 1400, పోర్ట్ 6 హెక్స్ 1600. నాలుగూ ఒక్కో పేజీ మొదట్లో కూర్చున్నాయి. నీ కాళ్ల కింద నుంచి వాచ్‌డాగ్ పేజీని 0కి మార్చేస్తే ఈ నాలుగూ రిజిస్టర్ 0ని చదువుతాయి, 4866 వస్తుంది. 1, 3, 5 పేజీ సగంలో ఉంటాయి, అవి పేజీ 0లో హెక్స్ 100 మీద పడతాయి. అక్కడ ఉండేది ఈఈఈ కంట్రోల్ రిజిస్టర్, కరెంటు ఆదా సెట్టింగులు. అది ఎవరూ మార్చరు కాబట్టి నీకు ఎప్పుడూ ఒకే నంబర్ కనిపిస్తోంది. నమ్మకపోతే హెక్స్ 100 చదివి పోల్చుకో.

ఇప్పుడు దీన్నే తిరగేసి ఆలోచించు. వర్కర్ పేజీ మారిస్తే వాచ్‌డాగ్ ఏం చదువుతుంది?

---

కొత్త_ఫర్మ్‌వేర్:

కౌంటర్ చదువుతుంది... ఐడీ 13 కాదు కాబట్టి చిప్ చచ్చిందనుకుని రీసెట్ కొడుతుంది... కెమెరాలు ఆగిపోతాయి.

రెండూ ఒకటే బగ్గా!! చిప్ వేలాడుతోందని వాచ్‌డాగ్ రాసింది నేను, అది కరెక్టుగా పట్టుకుని రీసెట్ చేస్తోందని మొన్న మీటింగ్‌లో గొప్పగా చెప్పింది కూడా నేనే. భూమి చీలితే బాగుండు.

(హెక్స్ 100 చదివా. మక్కీకి మక్కీ అదే నంబర్.)

---

స్కోప్‌ప్రోబ్:

నా పదింటిలో ఆరు మాట వెనక్కి తీసుకుంటున్నా, ఇది ఆ మిగతా నాలుగులో ఒకటి 😄. కానీ ఒక డౌట్. ఒక ఎండీఐఓ ఫ్రేమ్ అంటే ముందు 32 బిట్ల ప్రియాంబుల్, తర్వాత 32 బిట్లు, మొత్తం 64. 2.5 మెగాహెర్ట్జ్ మీద 25.6 మైక్రోసెకన్లు. మూడు కలిపితే 77 దాకా. ఏడు పోర్టులకి అర మిల్లీసెకను. 10 సెకన్లలో అర మిల్లీసెకను కిటికీ, అందులోకి ఇంకొకడు దూరడం అంత తేలికా?

---

పాత_కెర్నల్_బాబాయ్:

రోజుకి 17,280 సార్లు ఆ కిటికీ తట్టేవాడు ఉన్నాడు కదా. 5 సెకన్లకోసారి చొప్పున లెక్క వేసుకో. పైగా ఇద్దరూ గుడ్డిగా ఎప్పుడో ఒకప్పుడు లేవరు, ఇద్దరి టైమర్లూ జిఫ్ఫీ టిక్ (కెర్నల్ గడియారం టిక్) మీదే లేస్తాయి, కాబట్టి ఒకే టిక్‌కి పడినప్పుడు పక్కపక్కనే పరిగెడతాయి. రోజుకి ఒకటి రెండు అంటే నాకు తక్కువే అనిపిస్తోంది.

ఇక సరిచేయడం. రీడ్ ఫంక్షన్ మొదట్లోనే బస్ తాలూకు ఎండీఐఓ లాక్ తీసుకో. పేజీ రాయడం, రెండు సగాలు చదవడం అయ్యాక వదులు. రైట్‌కీ అంతే. అన్నిటికన్నా ముఖ్యం, చదివి, బిట్ మార్చి, తిరిగి రాసే ఫంక్షన్ ఉంటే అది మొత్తం ఒకే లాక్ కింద జరగాలి. రీడ్ ఒక లాక్, రైట్ ఇంకో లాక్ అయితే మధ్యలో ఇంకొకడు మార్చిన బిట్ నువ్వు తుడిచేస్తావు.

రైట్ గురించి ఇంకో మాట చెప్తా, భయపెట్టడానికే. మ్యాక్ అడ్రస్ టేబుల్లో ఎంట్రీ పెట్టడానికి హెక్స్ 604కి రాస్తారు. అది 3వ పేజీ. ఆ క్షణంలో పేజీ 0కి మారి ఉంటే నీ రాత హెక్స్ 004 మీద పడుతుంది, అది పోర్ట్ 0 ప్యాడ్ కంట్రోల్. నీ సీపీయూ పోర్ట్ ఆర్‌జీఎంఐఐలో (ప్రాసెసర్‌కీ స్విచ్‌కీ మధ్య డేటా దారి) నడవాలా వద్దా అనేది అక్కడే ఉంటుంది. అక్కడ ఎవరిదో మ్యాక్ అడ్రస్ ముక్క పడిందంటే ఇక కౌంటర్లు చూసే పని కూడా ఉండదు, బోర్డుకి నెట్‌వర్కే ఉండదు. నువ్వు ఇంకా టేబుల్ ఎంట్రీలు రాయడం మొదలుపెట్టలేదు కాబట్టి బతికిపోయావు.

---

కొత్త_ఫర్మ్‌వేర్:

బాబాయ్ గారూ, మీరు చెప్పినట్టే లాక్ తీసుకున్నా, బోర్డు బూట్‌లోనే కూర్చుండిపోయింది. కాసేపటికి కన్సోల్‌లో నా టాస్క్ 120 సెకన్లకి మించి బ్లాక్ అయిందని వచ్చింది. ఏం తప్పు చేశా?

---

సెమికోలన్:

లాక్ తీసుకుని లోపల మళ్లీ ఎండీఐఓబస్ రీడే పిలిచావు కదూ. అది కూడా అదే లాక్ అడుగుతుంది. నువ్వే పట్టుకుని నీ కోసమే వెయిట్ చేస్తున్నావు. తాళం చెవి జేబులో పెట్టుకుని గుమ్మం బయట కూర్చున్నట్టు.

కొత్త కెర్నళ్లలో దీనికోసమే పేరు ముందు రెండు అండర్‌స్కోర్లు ఉన్న రీడ్, రైట్ ఫంక్షన్లు ఉన్నాయి, అవి లాక్ తీసుకోవు, తీసుకున్నావనే నమ్మకంతో నడుస్తాయి. నీ 4.4లో అవి లేవు. బస్ స్ట్రక్చర్‌లో ఉన్న రీడ్, రైట్ ఫంక్షన్ పాయింటర్లని నేరుగా పిలువు. 4.9లో వచ్చిన అసలు డ్రైవర్ కూడా అలాగే చేసింది, తప్పేం కాదు.

---

లింక్‌డౌన్:

మధ్యలో దూరుతున్నందుకు సారీ. బస్ లాక్ ఎందుకసలు? డ్రైవర్‌లోనే సొంత మ్యూటెక్స్ ఒకటి పెట్టుకుంటే ఈ పాయింటర్ల గోల ఉండదు కదా. మార్వెల్ స్విచ్‌ల డ్రైవర్‌లో రిజిస్టర్ లాక్ విడిగా ఉంటుంది, లాక్ లేకుండా ఎవరైనా రిజిస్టర్ ముట్టుకుంటే తిట్టి స్టాక్ మొత్తం కన్సోల్‌లో పోస్తుంది. నేను దాని మీద రెండేళ్లు పని చేశా, ఆ తిట్టే పద్ధతి నాకు చాలా సార్లు పరువు కాపాడింది.

---

పాత_కెర్నల్_బాబాయ్:

సొంత మ్యూటెక్స్‌తో కూడా పని అవుతుంది, కాదనను. పేజీ రిజిస్టర్‌ని ముట్టుకునేది నీ డ్రైవర్ ఒక్కటే అయినంత కాలం. కానీ ల్యాబ్‌లో ఎవడో ఒకడు యూజర్ స్పేస్ నుంచి ఎండీఐఓ టూల్‌తో హెక్స్ 18కి ఏదో రాసి చూస్తాడు, వాడికి నీ మ్యూటెక్స్ సంగతి తెలియదు, బస్ లాక్ మాత్రం వాడూ తీసుకోక తప్పదు. వాడి తర్వాత నువ్వు లాక్ తీసుకుని పేజీ మళ్లీ రాసుకుంటే గొడవ ఉండదు. అందుకే నా ఓటు బస్ లాక్‌కి. మార్వెల్ వాళ్ల కథ కొంచెం వేరు. వాళ్ల మల్టీ చిప్ మోడ్‌లో బయటికి కనిపించేవి రెండే రిజిస్టర్లు, ఒకటి కమాండ్, ఒకటి డేటా. కమాండ్ రాయాలి, బిజీ బిట్ దిగేదాకా చూడాలి, డేటా తీసుకోవాలి. పైగా దాని మీద టేబుల్ ఆపరేషన్లు, నాలుగైదు రిజిస్టర్లు వరసగా రాస్తే గానీ ఒక పని అవ్వదు. అంత పెద్ద వరసకి బస్సునే పట్టుకుని కూర్చుంటే దాని మీద ఉన్న మిగతా ఫై చిప్‌లు (కేబుల్ సిగ్నల్ చూసుకునేవి) ఎదురు చూడాలి.

ఆ తిట్టే పద్ధతి మాత్రం నువ్వూ పెట్టుకో తమ్ముడూ, రెండు లైన్ల పని.

---

సెమికోలన్:

నీ రీడ్ ఫంక్షన్ ఏం రిటర్న్ చేస్తోంది? 32 బిట్ విలువనే నేరుగా రిటర్న్ చేస్తున్నావని నా అనుమానం. అలా అయితే ఎర్రర్ ఎక్కడికి పోతుంది? బస్ రీడ్ ఫెయిల్ అయితే నెగటివ్ నంబర్ వస్తుంది, దాన్ని 16 బిట్లలో కుక్కితే అది కూడా అచ్చం డేటాలాగే కనిపిస్తుంది. టైమవుట్ ఎర్రర్ మైనస్ 110, అది 16 బిట్లలో 65426 అవుతుంది. రేపు స్టార్మ్ అలారం ఆ నంబర్ చూసి మోగుతుంది, మళ్లీ ఇక్కడికొచ్చి పోస్ట్ పెడతావు. ఫంక్షన్ ఇంట్ రిటర్న్ చేయాలి, అందులో ఎర్రర్ మాత్రమే, విలువ పాయింటర్‌లో.

వాచ్‌డాగ్ కూడా ఒక్క చెడ్డ రీడింగ్‌కే రీసెట్ కొట్టకూడదు. వరసగా మూడు సార్లు తప్పు వస్తే అప్పుడు కొట్టు. నిజం చెప్పాలంటే ఆ వాచ్‌డాగ్ అసలు ఎందుకు పెట్టావో నాకు అర్థం కాలేదు.

---

కొత్త_ఫర్మ్‌వేర్:

కరెక్ట్ సార్, విలువే రిటర్న్ చేస్తున్నా. మార్చేశా. వాచ్‌డాగ్ సంగతి అంటారా, బోర్డు కొత్తలో ఒకసారి చిప్ పలకలేదు, తర్వాత చూస్తే పవర్ అడాప్టర్ వదులుగా ఉంది. కానీ కోడ్ అప్పటికే చెక్ ఇన్ అయిపోయింది, అలా ఉండిపోయింది.

ఒక ప్రశ్న. ప్రతిసారీ పేజీ రాయడం దండగ కదా, చివరిసారి రాసిన పేజీ గుర్తుపెట్టుకుని అదే అయితే వదిలేస్తే ఒక ట్రాన్సాక్షన్ మిగులుతుంది కదా?

---

పాత_కెర్నల్_బాబాయ్:

మిగులుతుంది, అసలు డ్రైవర్‌లో కూడా ఆ పని చేశారు. అక్కడైతే లాభం ఇంకా ఎక్కువ, పేజీ మార్చిన ప్రతిసారీ వాళ్లు ఒకటి రెండు మిల్లీసెకన్లు ఆగుతారు. పోర్ట్ వరసలో చదివితే ఏడు పోర్టులకి నాలుగు సార్లు పేజీ మారిస్తే చాలు. కానీ రెండు షరతులు. ఆ గుర్తుపెట్టుకున్న నంబర్ కూడా అదే లాక్ కింద ఉండాలి. రెండోది, నీలాంటివాళ్లు ఖచ్చితంగా మర్చిపోయేది, చిప్‌ని రీసెట్ చేసినప్పుడు ఆ నంబర్ చెరిపేయాలి. చిప్ అన్నీ మర్చిపోయి లేస్తుంది, నువ్వు మాత్రం ఇంకా 8వ పేజీలోనే ఉన్నానుకుంటావు, పేజీ రాయకుండా చదువుతావు, మళ్లీ 4866. రీసెట్ తర్వాత దాంట్లో ఎప్పటికీ రాని పేజీ నంబర్ పెట్టు. ఇందాక చెప్పిన ఎండీఐఓ టూల్ వాడు వచ్చినా ఇదే చిక్కు అని గుర్తుంచుకో. అందుకే నీ వాడకానికి, 10 సెకన్లకి ఏడు రీడ్‌లకి, నేనైతే క్యాష్ జోలికి పోను.

---

లింక్‌డౌన్:

రెగ్‌మ్యాప్ (రిజిస్టర్ల కోసం కెర్నల్‌లో ఉన్న లైబ్రరీ) మీద కూర్చోబెట్టు, నీ రీడ్, రైట్ రెండూ దానికి ఇస్తే చదివి మార్చి రాసేది అదే దాని లాక్ కింద చేసి పెడుతుంది, డీబగ్‌ఎఫ్‌ఎస్‌లో రిజిస్టర్లన్నీ చూసుకునే వీలు ఉచితం. ఫాస్ట్ ఐఓ అని ఒక ఫ్లాగ్ ఉంటుంది, పేరు చూసి ఆన్ చేయకు, అది మ్యూటెక్స్ బదులు స్పిన్‌లాక్ (పట్టుకుని నిద్రపోకూడని తాళం) పెడుతుంది, నీ ఎండీఐఓ నిద్రపోయే బాపతు.

---

కొత్త_ఫర్మ్‌వేర్:

అప్‌డేట్. బస్ లాక్ పెట్టా, పాయింటర్లు నేరుగా పిలుస్తున్నా, క్యాష్ పెట్టలేదు. బగ్ త్వరగా బయటపడాలని వర్కర్‌నీ వాచ్‌డాగ్‌నీ 10 మిల్లీసెకన్లకోసారి లేపుతూ టెస్ట్ చేశా. పాత కోడ్‌తో నాలుగు నిమిషాల్లోనే మొదటి 4866 వచ్చింది, టీ తాగి వచ్చేలోపు లాగ్ నిండిపోయింది. కొత్త కోడ్‌తో నిన్న సాయంత్రం ఆరుకి మొదలుపెట్టా, ఇప్పటిదాకా ఒక్కటి కూడా లేదు.

లాక్ వచ్చింది కదా అని ధైర్యం చేసి, వర్కర్ తీసేసి, ఇంటర్‌ఫేస్ స్టాట్స్ అడిగినప్పుడే నేరుగా చిప్ నుంచి చదివేలా మార్చి చూశా. నిద్రపోకూడని చోట నిద్రపోయే ఫంక్షన్ పిలిచావని కెర్నల్ పేజీలకి పేజీలు తిట్టింది.

---

సెమికోలన్:

తిట్టదా మరి. ఇంటర్‌ఫేస్ లెక్కలు చూపే ప్రాక్ నెట్ డెవ్ ఫైల్ చదివినప్పుడు ఆ స్టాట్స్ ఫంక్షన్‌ని ఆర్‌సీయూ లాక్ (ఇదీ నిద్రపోనివ్వని బాపతే) కింద పిలుస్తారు, అక్కడ మ్యూటెక్స్ పట్టకూడదు. వర్కర్‌ని తిరిగి పెట్టు, అది చదివి దాచినవే అక్కడ ఇవ్వు. పది సెకన్ల పాత నంబర్ చూపిస్తే ఎవరూ చచ్చిపోరు.

---

కొత్త_ఫర్మ్‌వేర్:

పెట్టేశా. వాచ్‌డాగ్ తీసేస్తున్నా కూడా. రివ్యూలో దాని గురించి ఏం చెప్పాలా అని ఆలోచిస్తున్నా, మొన్న మెచ్చుకున్నది ఇదే మేనేజర్.

---

స్కోప్‌ప్రోబ్:

పవర్ అడాప్టర్ వదులు అని చెప్పు. హార్డ్‌వేర్ వాళ్లకి అలవాటే.